లేన్ మార్చేది ఎవరు? బొమ్మ కార్ల ట్రాక్ ఎంచుకునే ముందు

గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ షాపుకి జేబులో బొమ్మ కారు పెట్టుకుని వెళ్లాను. గోడ మీద వైర్లు దాచడానికి వేసే పీవీసీ కేసింగ్ ఒకటిన్నర ఇంచీది ఒక ముక్క అడిగి, కౌంటరు మీద ఒక కొస పైకెత్తి అందులో కారు వదిలాను. అది జర్రున జారి కుర్రాడి క్యాలిక్యులేటర్‌ని గుద్దింది.

"ఎన్ని పాయింట్ల వైరింగు సార్?"

"వైరింగు కాదు బాబూ, ట్రాఫిక్కు."

సంగతేమిటంటే, మా చెల్లెలి కొడుకు వేసవి సెలవులకి గుంటూరు నుంచి బెజవాడ వచ్చాడు. మూడో తరగతి. బ్రాడీపేటలో వాళ్లింట్లో ఇప్పటికే రెండు ట్రాకులున్నాయి, రెండూ మంచం కిందే ఉంటాయి. "కార్లు ఊరికే గుండ్రంగా తిరుగుతాయి మావయ్యా. బెంజి సర్కిల్ దగ్గర ఆటోలు అటూ ఇటూ దూరతాయి కదా, అలా దూరాలి" అన్నాడు. లేన్ మారాలన్నమాట. ఆ ఒక్క మాట కోసం ఓ నెల కొంత కొన్నాను, కొంత చేశాను, కొంత పాడుచేశాను. ఇదే పనిలో దిగబోయేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

షాపులో మనల్ని అడిగేది ట్రాక్ ఎన్ని అడుగులు, కార్లు ఎన్ని, లైట్లు వెలుగుతాయా లేదా అని. అవన్నీ తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది, లేన్ మారాలా వద్దా అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి అన్నది. ట్రాక్ చేతిలోనా, పిల్లవాడి చేతిలోనా, కారు చేతిలోనా? డబ్బు, స్థలం, మీ ఓపిక అన్నీ ఈ జవాబును బట్టే మారతాయి.

ట్రాక్ నిర్ణయిస్తే

అన్నిటికన్నా చవకైన దారి ఇది. రెండు గాడులు ఒకచోట ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటుతాయి. ఎడమ కారు కుడికి, కుడి కారు ఎడమకి వెళ్తుంది. కరెంటుతో నడిచే మామూలు స్లాట్ కార్ సెట్లలో ఈ ముక్క తరచుగా కనిపిస్తుంది. కారు అడుగున ఉన్న చిన్న నాలుకలాంటి ముక్క గాడిలో దిగి ఉంటుంది కాబట్టి గాడి ఎటు పోతే కారు అటే. ఇందులో ఎంపిక లేదు. మరి ఈ ముక్క ఎందుకంటే, న్యాయం కోసం. రెండు గాడుల మధ్య 8 సెంటీమీటర్ల ఎడం ఉంటే, ఒక పూర్తి చుట్టుకి బయటి గాడి సుమారు 50 సెంటీమీటర్లు ఎక్కువ. అన్నాదమ్ములు ఆడేటప్పుడు ఈ అరమీటరు మీద ఇల్లు పీకి పందిరి వేస్తారు. అడ్డంగా దాటే ముక్క ఒకటి పెడితే రెండు కార్లూ రెండు దారుల్లోనూ తిరుగుతాయి, లెక్క సరిపోతుంది. ఒకేసారి వచ్చాయంటే మాత్రం అక్కడ గుద్దుకుంటాయి. పిల్లలకి కావాల్సింది కూడా చాలాసార్లు అదే.

ఇదే వర్గంలో నాకు నచ్చిన ఇంకో ఉపాయం తూగుడు రెక్క. ట్రాక్ రెండుగా చీలేచోట ఒక రెక్క ఉంటుంది. ఎడమకి వెళ్లే కారు దాని తోకను నెట్టుకుంటూ పోతుంది, రెక్క అవతలికి తిరుగుతుంది, తర్వాతి కారు కుడికి పోతుంది. మోటారు, బ్యాటరీ, వైరు ఏమీ అక్కర్లేదు. ఒకటి అటు, ఒకటి ఇటు, వరసగా పంచుకుంటూ పోతుంది. నాలుగైదేళ్ల పిల్లలు దీని ముందు అరగంట కూర్చుంటారు. ఎనిమిదేళ్లవాడు పది నిమిషాల్లో రహస్యం కనిపెట్టేసి లేచిపోతాడు. మావాడు ఆరు నిమిషాల్లో లేచాడు.

చెయ్యి నిర్ణయిస్తే

నా ఓటు దీనికే. ఎక్కువ చెప్పాల్సిందీ దీని గురించే.

బెజవాడ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం చివర నిలబడి చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. రైలు తనంతట తాను పట్టా మారదు. పట్టాలు చీలేచోట కదిలే ముక్కల్ని, అంటే పాయింట్లని, మారుస్తారు, రైలు అటు వెళ్తుంది. బొమ్మ కారుకీ అదే పని. చీలిక ముక్కు దగ్గర ఇరుసు, అక్కడినుంచి ఎదురొచ్చే కారు వైపు చాచిన రెక్క. రెక్క కొస ఎడమ గోడకి ఆనితే కారు కుడికి, కుడి గోడకి ఆనితే ఎడమకి. రెక్కకి కింద నుంచి ఒక పుల్ల కట్టి ట్రాక్ బయటికి లాగితే అదే మీట. పిల్లవాడు మీట దగ్గర కూర్చుంటాడు, ఎటు పంపాలో వాడిష్టం.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు నేను తప్పిన చోట్లు రెండు.

మొదటిది రెక్క పొడవు. పాత ఏటీఎం కార్డును నిలువుగా పెట్టి రెక్క చేశాను. కార్డు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, ట్రాక్ వెడల్పు దాదాపు నాలుగు. అంటే రెక్క దగ్గర దగ్గర 26 డిగ్రీల ఏటవాలుగా నిలబడింది. ఈ చిన్న ఇనుప కార్లకి స్టీరింగు ఉండదు, ఇరుసులు బిగుసుకుని ఉంటాయి. అంత కోణంలో అడ్డు పెడితే తిరగవు, గుద్దుకుంటాయి. మూడింటిలో ఒక కారు పల్టీ కొట్టేది. నేను తల పట్టుకుని కూర్చుంటే మావాడు జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసిచ్చాడు. పదిహేను సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు. దాన్ని అంచు మీద నిలబెడితే కోణం 15 డిగ్రీలకి దిగింది. కార్లు గోడను రాసుకుంటూ మెత్తగా మళ్లాయి. ఇంకో చిన్న పని: రెక్క కొస ఆనేచోట పక్క గోడలో చిన్న గాటు పెట్టి కొసను అందులో దాచండి. మిల్లీమీటరు బయటికి పొడుచుకొచ్చినా కారు ముందు భాగం దానికే తగులుకుంటుంది.

రెండోది, ఒక లేన్‌లోంచి పక్క లేన్‌లోకి దాటే వంపు పొడవు. స్థలం కలిసొస్తుందని వంపును కుదించాలనిపిస్తుంది. కుదించకండి. లేన్ల మధ్య ఎడం 4 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ దాటుడును 30 సెంటీమీటర్ల పొడవులో పరిస్తే వంపు వ్యాసార్థం 57 సెంటీమీటర్లు వస్తుంది. 15 సెంటీమీటర్లలో ఇరికిస్తే వ్యాసార్థం 15కి పడిపోతుంది. పొడవు సగం చేస్తే పక్కకి తోసే బలం ఇంచుమించు నాలుగింతలన్నమాట. ట్రాక్ మొత్తంలో ఎక్కడైనా పిసినారితనం చేయండి గానీ ఇక్కడ వద్దు.

వేగం కూడా చూసుకోవాలి. మోటారు లేని కార్లు వాలు మీద జారేవే కాబట్టి ఎత్తే ఇంధనం. 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే, రాపిడి లేదనుకుంటే, కింద సెకనుకి 2 మీటర్ల వేగం వస్తుంది. నిజంలో ఇంకా తక్కువే. ఆ వేగాన్ని రెట్టింపు చేయాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి, అంటే డైనింగ్ టేబుల్ దాటాలి. లేన్ మార్పిడి ఆటకి అంత ఎత్తు దండగ. చిన్న స్టూలు చాలు.

మీటతో కొన్నాళ్లు ఆడాక "బటన్ నొక్కితే మారాలి" అంటారు. అప్పుడు ఎస్‌జీ90 అనే చిన్న సర్వో మోటారు, అంటే చెప్పినంత కోణం తిరిగి ఆగే మోటారు, తెచ్చుకోండి. 9 గ్రాముల బరువు, 5 వోల్టులతో పనిచేస్తుంది, వందల్లోనే దొరుకుతుంది. అది 60 డిగ్రీలు తిరగడానికి సెకనులో పదో వంతు పడుతుంది. మన రెక్క కదలాల్సింది 15 డిగ్రీలే. లింకుల్లో ఉండే వదులు, రాపిడి కలుపుకుని సెకనులో ఇరవయ్యో వంతు అనుకున్నా, ఆలోగా 2 మీటర్ల వేగంతో వచ్చే కారు 10 సెంటీమీటర్లు ముందుకొచ్చేస్తుంది. అందుకే కారు వచ్చిందని పసిగట్టే సెన్సర్‌ని రెక్క కొసకి కనీసం 25, 30 సెంటీమీటర్ల ముందు పెట్టాలి. కారు సెన్సర్ దాటాక అర సెకను పాటు బటన్ పనిచేయకుండా, సర్వోని నడిపే ఆర్డ్యూనో బోర్డు (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) ప్రోగ్రాంలో కట్టేయాలి. లేకపోతే కారు సగం దాటాక రెక్క తిరిగి దాన్ని మధ్యలో పట్టేస్తుంది. రైల్వేలో ఇంటర్‌లాకింగ్ అనేది ఇందుకే, పాయింట్లు కుదిరి బిగుసుకోనిదే సిగ్నల్ ఇవ్వరు. ఈ మాట చెప్పగానే మావాడు ఆటలో ఒక ఎర్రలైటు కూడా కావాలన్నాడు. అది వేరే కథ.

కారు నిర్ణయిస్తే

డబ్బున్నవాళ్లకీ, ఓపికున్నవాళ్లకీ ఇక్కడ రెండు వేర్వేరు దారులున్నాయి.

డబ్బు దారి డిజిటల్ స్లాట్ కార్లు. బ్రిటన్‌లో 1957లో మొదలైన స్కేలెక్స్‌ట్రిక్, జర్మనీలో పుట్టిన కరేరా ఇందులో పెద్ద పేర్లు. పాత రకం సెట్‌లో ఒక గాడికి ఒక రిమోట్, దాన్ని ఎంత నొక్కితే ఆ గాడిలోకి అంత కరెంటు. డిజిటల్‌లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఏ కారుకి ఎంత వేగమో దానిలోని చిప్‌కి సంకేతంగా అందుతుంది. అందుకే ఒకే గాడిలో ఒకదాని వెనక ఒకటి నడపొచ్చు. లేన్ మార్చే ముక్క దగ్గరికి వచ్చేటప్పుడు రిమోట్ మీద బటన్ నొక్కి పట్టుకుంటే, కారు అడుగున కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు "నేను ఫలానా కారుని, మారాలి" అని మినుకుతుంది. ట్రాక్‌లోని సెన్సర్ అది చదివి గాడిలోని చిన్న నాలుకను తిప్పుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఒకరిని వెనక నుంచి తరిమి, పక్కకి తప్పుకుని దాటేయడం నిజంగా దీనిలోనే ఉంది.

ధర మాత్రం మంచి సెట్‌కి ఐదంకెల్లోకి పోతుంది. మన దగ్గరున్న పాత రకం కార్లు చిప్ లేకుండా ఇందులో లేన్ మారవు. పైగా గాడి పక్కన కరెంటు అందించే లోహపు పట్టీల మీద దుమ్ము పడితే కారు ఆగి ఆగి నడుస్తుంది. బెజవాడ దుమ్ములో వారానికోసారి పొడి గుడ్డతో తుడవాల్సిందే. విడిగా ఒక గదో, విప్పకుండా ఉంచగల బల్లో లేకపోతే కొనకండి. ప్రతి ఆటకీ విప్పి బిగించే డిజిటల్ ట్రాక్ నెలలోపు అటక ఎక్కుతుంది.

గాడే లేకుండా లేన్ మార్చిన తెలివైన పద్ధతి ఒకటి 1970ల చివర్లో వచ్చింది. టీసీఆర్ అనేవారు. ట్రాక్‌కి రెండు వైపులా గోడలు, కారు ఎప్పుడూ ఏదో ఒక గోడను ఆనుకుని పోతుంది. రిమోట్‌లో మీట మారిస్తే కరెంటు దిశ తిరగబడుతుంది, మోటారు పట్టు ఒక వెనక చక్రం నుంచి రెండో వెనక చక్రానికి మారుతుంది, కారు అవతలి గోడ వైపు వాలిపోతుంది. చిప్ లేదు, సెన్సర్ లేదు. ఇప్పుడు పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర తప్ప దొరకదు. సొంతంగా డిజైన్ చేయాలనుకునే ఇంజనీరింగ్ పిల్లలు మాత్రం ఒకసారి దీని గురించి చదవండి.

ఫోన్ యాప్‌తో నడిచే కార్ల విషయంలో ఒక మాట. అంకీ అనే అమెరికా కంపెనీ 2013లో తెచ్చిన కార్లు ట్రాక్ మీది కోడ్‌ను అడుగు నుంచి చదువుకుంటూ తమంతట తామే లేన్ మారేవి. అందరూ నోరెళ్లబెట్టారు. 2019లో కంపెనీ మూతపడింది. కారు మోటారు బాగున్నా, దాన్ని నడిపే యాప్ ఎన్నాళ్లుంటుందో మన చేతిలో ఉండదు. పెట్టె మీద యాప్ తప్పనిసరి అని ఉంటే, యాప్ లేకుండా ఆ బొమ్మ ఎంతవరకు పనిచేస్తుందో అడిగి కొనండి.

ఓపిక దారి గీత పట్టుకుని నడిచే రోబో కారు. ఆర్డ్యూనో బోర్డు, పసుపు గేరు మోటార్లు రెండు, కింద ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు. తెల్ల నేల మీద రెండు నల్ల గీతలు పక్కపక్కనే గీస్తే అవే లేన్లు. ఆజ్ఞ రాగానే కారు తన గీతను వదిలి ఓ పక్కకి వాలుగా నడుస్తుంది, రెండో గీత కనపడగానే దాన్ని పట్టుకుంటుంది. మన ఊళ్లలో దీనికో సుఖం ఉంది: ఫ్లెక్సీ కొట్టే షాపు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల మధ్య మన నల్ల గీతల డిజైన్ కూడా కొట్టించుకోవచ్చు. చాప చుట్టినట్టు చుట్టి మూల పెట్టేయొచ్చు. అయితే మెరిసే ఫ్లెక్సీ వద్దు, మ్యాట్ రకం అడగండి, మెరుపు సెన్సర్‌ని మోసం చేస్తుంది. ఎండా అంతే. మా హాలు పడమటి కిటికీలోంచి సాయంత్రం ఎండ పడగానే కారు గీతను వదిలి సోఫా కిందకి పోయేది. ప్రోగ్రాంలో తప్పేమో అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. కర్టెన్ వేస్తే సరిపోయింది. చదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీతో ఈ మోటార్లు నడపాలని చూడకండి, అంత కరెంటు అది ఇవ్వలేదు. రీచార్జబుల్ ఏఏ సెల్స్ నాలుగైదు వేసుకోండి. వేగం ఆశించకండి. రేసు కావాల్సిన పిల్లవాడికి ఇది ఎద్దుబండి. ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునే ఎనిమిదో తరగతి పిల్లకి మాత్రం దీన్ని మించింది లేదు. స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసుకునే ప్రభుత్వ పథకం ల్యాబ్) ఉంటే ఇలాంటి బోర్డులు, సెన్సర్లు అక్కడే ఉంటాయేమో కనుక్కోండి.

మోడల్ ఊరు కట్టే సరదా ఉన్నవాళ్లకి జర్మనీ ఫాలర్ కంపెనీ పద్ధతి కూడా ఉంది. రోడ్డు కింద ఇనుప తీగ, కారు ముందు చక్రాల దగ్గర అయస్కాంతం. తీగ ఎటు పోతే స్టీరింగు అటు. సిమెంటు షాపులో దొరికే బైండింగ్ వైరుతో ప్రయత్నించవచ్చు. చిన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే లోపల పేగుల్ని పట్టేసుకుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

విడదీయడం కాదు, కలపడం

అందరూ కార్లను రెండు లేన్లకి ఎలా పంపాలా అనే ఆలోచిస్తారు. మళ్లీ ఒకే దారిలోకి తెచ్చేటప్పుడు తెలుస్తుంది అసలు కష్టం. రెండు లేన్ల కార్లు ఒకేసారి వస్తే ఇరుక్కుంటాయి. కారు తోసుకుని వెళ్తే తెరుచుకుని, వెళ్లాక మూసుకునే మెత్తని రెక్క పెట్టండి, రబ్బరు బ్యాండుతో చాలు. ఒక లేన్‌ను రెండో దానికన్నా ఓ అరమీటరు పొడుగ్గా తిప్పితే కార్లు ఎడంగా వస్తాయి. అంతకన్నా తేలిక, కలపకపోవడం. రెండు దారులకీ రెండు చివరలు, కింద రెండు అట్టపెట్టెలు.

కొనేవాళ్లకి ఇంకొన్ని మాటలు. బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు పట్నం బజారులోనో కొనే ముందు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి. ఒకదానికొకటి తగిలించి వంచుకునే రంగుల ట్రాకులు చవకే గానీ, చీలిక ముక్క దగ్గర కారు ఎటు పోతుందో అదృష్టమే. నేను కొన్నదాంట్లో కారు చీలిక ముక్కు మీదెక్కి అక్కడే చక్రాలు తిప్పుకుంటూ నిలబడేది. అది మంచం కిందకి మూడో ట్రాక్ అయింది.

చేసుకునేవాళ్లకి: సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) తేలిగ్గా కోసుకోవచ్చు, ఫ్లెక్సీ షాపుల్లోనే దొరుకుతుంది. ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) గట్టిది గానీ వానాకాలం తేమకి ఉబ్బుతుంది, అంచులకి పెయింటు వేయాలి. కేసింగ్ పట్టాలు అన్నిటికన్నా చవక, నున్నగా ఉంటాయి. కారు పట్టుకెళ్లి షాపులోనే జారించి చూసుకోండి, నాలా. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో మేడ మీద మాత్రం వదలకండి. మేం వదిలిన కేసింగ్ సాయంత్రానికి విల్లులా వంగింది.

ఇక ఎవరికేది అంటే, ఆరేళ్ల లోపు పిల్లలకి తూగుడు రెక్క. ఏడు నుంచి పదకొండు దాకా వాలు ట్రాక్, మీట, తర్వాత సర్వో. అన్నాచెల్లెళ్లిద్దరూ పోటీ మనుషులై, ఇంట్లో ఖాళీ గది ఉండి, డబ్బుకి వెనకాడకపోతే డిజిటల్ స్లాట్. పన్నెండు దాటి స్క్రూడ్రైవర్ చేత పట్టే పిల్లలకి గీత రోబో. రెండు రకాల మధ్య ఊగిసలాడుతుంటే ముందు మీట ట్రాక్ చేసి పదిరోజులు చూడండి. పిల్లవాడు మీట దగ్గరే కూర్చుంటే సర్వో వైపు వెళ్లండి. మీటను వదిలేసి కార్లను ఢీకొట్టించడమే ఆడుతుంటే ఇంటూ ముక్క ఉన్న మామూలు స్లాట్ సెట్ చాలు, మిగతా డబ్బు మిగిలినట్టే.

వచ్చేటప్పుడు స్కేలు ఇంకోటి కొనండి. స్కూలు తెరిచే రోజు పాతది అడుగుతారు, అప్పటికది ట్రాక్‌కి అతుక్కుపోయి ఉంటుంది.